ఇంటికి తీసుకుపొమ్మన్న తర్వాత

(తిరుపతిలో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆ తల్లి పేరు అచ్చులో వేయవద్దని ఆమె పిల్లలు కోరారు. బతికున్నప్పుడు కూడా ఊళ్లలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. పూతలపట్టు, ఐరాల, బంగారుపాళ్యం వైపు అందరికీ ఆమె నర్సమ్మే. నేనూ అట్లాగే పిలుస్తాను. ఉద్యోగమున్నన్నాళ్లూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసి, టీకాలు వేసిన మనిషి, రిటైరయ్యాక చావు దగ్గరపడినవాళ్ల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు. "పుట్టేటప్పుడు పక్కన ఉండాను గదా, పొయ్యేటప్పుడు ఉంటే ఏం?" అనేవారు. ఆమె చేసిన పనికి ఇప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో శిక్షణ ఇస్తున్నారు. చేసేవాళ్లను ఎండ్ ఆఫ్ లైఫ్ డౌలాలు అంటున్నారు.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. డాక్టరు చేతులెత్తేసిన రోజుకూ పాడె కట్టే రోజుకూ మధ్య కొంత కాలం ఉంటుంది. నాలుగు రోజులు కావచ్చు, నాలుగు నెలలు కావచ్చు. ఆస్పత్రి లెక్కలో ఆ రోగి డిశ్చార్జి అయిపోయాడు. పలకలవాళ్లూ, పురోహితుడూ, బంధువులూ ఇంకా రాలేదు. ఆ రోజుల్లో ఆ ఇంటికి దిక్కు లేదు. ఆ ఇంట్లోకి వెళ్లి భయపడకుండా కూర్చోగల మనుషులు కావాలి. వాళ్లను మనం ఇక్కడే తయారుచేసుకోగలం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలవాళ్లకు పెద్ద జబ్బు చేస్తే ఎటు పోతారో మీకు తెలుసు. తిరుపతిలో రుయా, స్విమ్స్. సరిహద్దు దాటితే రాయవేలూరు సీఎంసీ. ఇంకొంచెం దూరం పోగలిగితే మద్రాసులో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. పలమనేరు, కుప్పం వాళ్లకు బెంగళూరు కిద్వాయి. 2022 మే నెలలో టాటా ట్రస్టుల చేయూతతో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి తిరుపతిలోనే తెరుచుకుంది. చాలామంది బతికి బయటపడుతున్నారు, అది గొప్ప విషయం. బయటపడనివాళ్లకు మాత్రం ఏ ఊళ్లోనైనా చివరికి వినపడేది ఒకే మాట. "ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి."

ఆ మాట అన్న డాక్టరును నేను తప్పుపట్టను. ఎక్కువసార్లు అది నిజాయితీగా చెప్పిన మాటే. ఆ మంచం కోసం ఇంకో రోగి వరండాలో చాప మీద పడి ఉంటాడు. కానీ చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లు తప్ప ఏమీ ఉండవు. మూడో రోజు రాత్రి ఆయాసం ఎక్కువైతే ఏం చేయాలో ఉండదు. గుటక పడకపోతే ఏం పెట్టాలో, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మళ్లీ అంబులెన్సు పిలవాలో వద్దో ఉండదు. పిలుస్తారు. మనిషి దారిలోనే పోతాడు, పూతలపట్టు దగ్గరో, కాట్పాడి దగ్గరో. ఇంట్లో తన మంచం మీద, తనవాళ్ల మధ్య పోవలసిన మనిషి సైరన్ మోతలో పోతాడు. ఏమీ చేయలేదన్న నింద పడకూడదని ఆ ఇంటివాళ్లు చేసే ఆఖరి ప్రయాణం అది.

ఒక ఇంటి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. చెరకు పండించి బెల్లం వండే కుటుంబం. పెద్దాయనకు గొంతు క్యాన్సర్. వేలూరు నుంచి తీసుకొచ్చి వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టారు. నర్సమ్మ వెంట నేనూ వెళ్లాను. మేం పోయేసరికి కోడలు రాగిగంజి పలచగా కలిపి చెంచాతో పోస్తోంది. ఆయన మింగలేక దగ్గుతున్నాడు. గంజి చెంపల మీదుగా దిండు మీదికి కారుతోంది. ఆమె కొంగుతో తుడుస్తోంది, మళ్లీ పోస్తోంది.

"నాలుగు దినాలుగా ఏం తినలేదు నర్సమ్మా. మామను కడుపు మాడ్చి చంపిందని రేపు ఊరంతా నన్నంటారు" అంది.

నర్సమ్మ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకోలేదు. పక్కన కూర్చున్నారు. "ఆయనకు ఆకలి కావడం లేదమ్మా. పొయ్యే కాలానికి వొళ్లు కూడు వద్దంటుంది. నువ్వు పెట్టక కాదు, ఆ వొంటికి వద్దు. ఇట్ల పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆయనకు ఇంకా ఆయాసం" అన్నారు. అంటూనే దూది తడిపి పెదాలు, చిగుళ్లు, నాలుక మెల్లగా తుడిచి చూపించారు. ఎండిన పెదాల మీద నెయ్యి రాశారు. తల కింద ఇంకో దిండు పెట్టి ముఖం ఒక పక్కకు తిప్పారు. గొంతులో గరగర కొంత తగ్గింది. రెండు గంటలకోసారి పక్క ఎట్లా మార్చాలో, నడుము కింద ఎముక ఆనే చోట చర్మం కందిందో లేదో ఎట్లా చూడాలో కోడలి చేతనే చేయించారు. గిన్నె పక్కన పెట్టేసిన ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకు ఆ ఇంట్లో ఎవరూ "నీ తప్పు లేదు" అని చెప్పలేదు అప్పటిదాకా.

కొడుకును పెరట్లోకి పిలిచి నర్సమ్మ ఇంకో సంగతి చెప్పారు. ఊపిరి కొంతసేపు జోరుగా వచ్చి నిలిచిపోతుంది, లోపల లెక్కపెట్టుకుంటే పది, ఇరవై దాకా పోయి మళ్లీ వస్తుంది, అట్లా నిలిచిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ గొల్లుమనక్కర్లేదు. అరికాళ్లు చల్లబడి, మోకాళ్ల దగ్గర ఊదారంగు మచ్చలు కనబడితే ఇక ఎక్కువ సమయం లేదని. దూరంలో ఉన్న ఆడబిడ్డలకు అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేయమని. బెంగళూరులో ఉన్న కూతురు ఆ సాయంత్రమే బయలుదేరింది.

మేం లేవబోతుంటే పెద్దాయన ఏదో చెప్పబోయాడు. మాట పెగలడం లేదు, "బాకీ" అన్నది మాత్రం తెలుస్తోంది. కొడుకు అడ్డం పడ్డాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు నాయనా? నువ్వు లేచి తిరిగినాంక మాట్లాడుకుందాం." నర్సమ్మ అతని భుజం మీద చెయ్యేసి మంచం పక్కన కూర్చోబెట్టారు. "చెప్పు పెద్దనాయనా, మేం వింటా ఉండాం" అన్నారు. చాలాసేపు పట్టింది. బోరు వేసినప్పుడు పక్క ఊరి మనిషి దగ్గర నోటు రాయకుండా తీసుకున్న డబ్బు అది. ఆ మనిషి నోరు తెరిచి అడగడు, మీరే తీర్చాలి అని చెప్పడానికి పెద్దాయన అంత తాపత్రయపడ్డాడు. "తీరుస్తా నాయనా" అన్నాడు కొడుకు. లేచి తిరుగుతావన్న మాట మళ్లీ అనలేదు.

ఆ ఇంట్లో నర్సమ్మ సూది వేయలేదు, మాత్ర ఇవ్వలేదు. ఆమె నర్సు కాబట్టి కొన్ని సంగతులు తెలుసు, నిజమే. కానీ ఆ పూట ఆమె చేసిన పనుల్లో నర్సింగు చదవనివాళ్లు నేర్చుకోలేనిది ఏదీ లేదు.

న్యూయార్కులో హెన్రీ ఫెర్స్కో-వైస్ అనే సోషల్ వర్కర్ 2003లో సరిగ్గా ఈ సంగతే గమనించారు. ఆయన పనిచేసేది హాస్పిస్‌లో, అంటే చావు దగ్గరపడినవాళ్ల కోసమే ఉన్న సంస్థలో. అక్కడ కూడా ఆఖరి ఘడియల్లో కుటుంబాలు ఒంటరిగా మిగులుతున్నాయి. కాన్పు సమయంలో తల్లి పక్కన ఉండేవారికి ఇచ్చే శిక్షణ తాను తీసుకుని, దాన్నే చావు మంచానికి తగ్గట్టు మార్చి వాలంటీర్లకు నేర్పారు. 2015లో అదే పనికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఇంగ్లండులో హెర్మియోన్ ఇలియట్ ఇటువంటి శిక్షణే మొదలుపెట్టారు. ఈ డౌలాలు వైద్యం చేయరు. రోగితో ముందే మాట్లాడి ఆఖరి రోజులు ఎట్లా గడవాలనుకుంటున్నారో తెలుసుకుంటారు. ఎవరు పక్కన ఉండాలి, ఎవరు వద్దు, ఏ పాట వినపడాలి, టీవీ ఉండాలా వద్దా, కిటికీ తెరవాలా. చెప్పుకోవలసిన మాటలుంటే రాసిపెడతారు, రికార్డు చేస్తారు. చివరి రోజుల్లో వంతులేసుకుని రాత్రీ పగలూ కూర్చుంటారు, ఇంటివాళ్లు కాస్త నిద్రపోయేట్టు చూస్తారు.

ఇదంతా మనకు కొత్త అని నేననుకోను. మన ఊళ్లలో ఒక ముసలావిడ ఉండేది, ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ముందు ఆమెనే పిలిచేవాళ్లు. చెయ్యి పట్టుకుని చూసి "తెల్లారేదాకా ఉంటాడు" అనేది. భజన బృందం వచ్చి గోవింద నామాలు పాడేది. ఆ ముసలావిడలు పోయారు. వాళ్ల కూతుళ్లు తిరుపతిలో అపార్టుమెంట్లలో ఉన్నారు, మనవళ్లు డల్లాసులో ఉన్నారు. లిఫ్టులో మంచం పట్టని మూడో అంతస్తు ఫ్లాట్లో భార్యాభర్తలిద్దరే ఉండి, అందులో ఒకరు పోతుంటే, రెండోవాళ్లకు పక్కన ఎవరున్నారు?

పాత పద్ధతులు ఉన్నవి ఉన్నట్టు మంచివేనని కూడా నేను చెప్పను. ప్రాణం పోయేముందు మంచం మీద నుంచి కిందికి దించడం మనలో చాలామందికి ఆచారం. ఆఖరి నిమిషంలో నలుగురు కలిసి ఎత్తి దించుతుంటే ఆ ఒళ్లు ఎంత నొప్పి పడుతుందో చూసినవాళ్లకు తెలుసు. నర్సమ్మ ఆచారంతో తగువు పెట్టుకోలేదు. రెండు రోజుల ముందే పరుపు నేల మీద వేయించి రోగిని అక్కడికి మార్పించేవారు. ఇక దించే పని ఉండదు. తులసి తీర్థం గ్లాసుతో పోయనిచ్చేవారు కాదు, తులసాకుతో పెదాల మీద తడి చేయమనేవారు. ఆచారమూ నిలిచింది, పొలమారడమూ లేదు. ఈ నేర్పు ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకదు, ఇక్కడివాళ్లే ఇక్కడివాళ్లకు నేర్పాలి.

ఇక నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించే విషయానికి వస్తాను. "ఆయనకు చెప్పొద్దండి" అన్న మాట. డాక్టరు గదిలోకి కొడుకు ముందు వెళ్తాడు, తండ్రి బయట బెంచీ మీద ఉంటాడు. ఏం చెప్పారని తండ్రి అడిగితే "కడుపులో పుండంట, మందులిచ్చినారు" అంటాడు. ప్రేమతోనే అంటాడు. తండ్రికి తెలియదా? ఆ వార్డులో పక్క మంచాల వాళ్లందరూ ఏ జబ్బుతో ఉన్నారో చూస్తూనే ఉన్నాడు, జుట్టు ఊడింది, బరువు సగమైంది. తెలుసు. కొడుకు బాధపడతాడని తనకు తెలియనట్టు ఉంటాడు. తండ్రి తట్టుకోలేడని కొడుకు నటిస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు దాచుకుంటూ, చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోకుండానే ఆ నెలలు అయిపోతాయి. పోయాక కొడుకు జీవితమంతా ఆ మాటలు మోస్తాడు.

ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో అచ్చయిన తన పుస్తకం కోసం చేసింది పైకి చాలా చిన్న పని. చనిపోతున్నవాళ్ల దగ్గరికి వెళ్లి "మీకేమనిపిస్తోంది?" అని అడిగింది. రోగులతో అట్లాంటి మాటలు మాట్లాడకూడదని ఆస్పత్రుల్లో అప్పుడు చాలామంది అనుకునేవాళ్లు. రోగులు మాత్రం మాట్లాడారు. నర్సమ్మ పద్ధతి ఇంకా నెమ్మదైనది. నిజాన్ని ఎవరి ముఖానా కొట్టేవారు కాదు. "నీకెట్లా ఉందనుకుంటా ఉండావు పెద్దమ్మా?" అని అడిగి ఊరుకునేవారు. జవాబు వచ్చేదాకా కూర్చునేవారు. తెలుసుకోవాలని లేనివాళ్లు మాట మార్చేవారు, వాళ్లను ఆమె వదిలేసేవారు. తెలుసుకోవాలనుకున్నవాళ్లు తామే అడిగేవారు. తెలుసుకునే హక్కూ రోగిదే, వద్దనే హక్కూ రోగిదే. మన దగ్గర ఆ రెండూ కొడుకుల చేతుల్లో, అల్లుళ్ల చేతుల్లో ఉంటున్నాయి. ఇది మారాలి. డాక్టర్లు మార్చలేరు, వాళ్లకు ఒక్కో రోగికి అయిదు నిమిషాలు దొరికితే ఎక్కువ. ఇంటికి వెళ్లి గంట కూర్చోగల మనిషే మార్చగలరు.

నొప్పి గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం అన్యాయం. ఎంత మంచి తోడు పక్కన ఉన్నా, ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పికి చెయ్యి పట్టుకోవడం మందు కాదు. మార్ఫిన్ మందు. ఖరీదైనది కాదు, నోటితో వేసుకునే మాత్ర ఉంది. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆస్పత్రులు, మందుల షాపులు దాన్ని పెట్టుకోవడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు దాన్ని రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, వైద్యానికి అవసరమైన మందులకు అనేక లైసెన్సుల బదులు ఒక్కటి చాలేట్టు చేసింది. చట్టం మారినంత తొందరగా భయం పోలేదు. ఇళ్లలో ఇంకా "అలవాటైపోతుందేమో" అంటారు, నెల రోజులు కూడా బతకని మనిషి గురించి. డౌలా మార్ఫిన్ ఇవ్వరు, ఇవ్వకూడదు. కానీ ఏ ఆస్పత్రిలో దొరుకుతుందో ఆ ఇంటికి చెప్పగలరు. నొప్పి వచ్చాక కాకుండా వేళకు వేయాలని చెప్పగలరు. మలబద్ధకం చాలామందికి వస్తుంది, దానికి మందు కూడా అడిగి తెచ్చుకోండని చెప్పగలరు. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. విరేచనం కాక కడుపు ఉబ్బి మార్ఫినే మానేసిన రోగులున్నారు, నొప్పితో పోయారు.

ఇక్కడ మన గడ్డ మీద పుట్టిన ఒకరి ఆఖరి రోజులు గుర్తుకొస్తాయి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. అప్పుడది కడప జిల్లా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. చావు గురించి అరవై ఏళ్లకు పైగా సభల్లో మాట్లాడిన మనిషి. 1986 జనవరిలో మద్రాసులో ఆఖరి ప్రసంగం చేసి కాలిఫోర్నియాలోని ఒహాయ్ వెళ్లారు. అక్కడ క్లోమ గ్రంథి క్యాన్సర్ అని తేలింది. కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి తిరిగి తన ఇంటికే వచ్చారు. నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. డాక్టరూ, దగ్గరివాళ్లూ వంతులేసుకుని పక్కన ఉన్నారు. తనకు ఏం జరుగుతోందో ఆయనకు అందరూ నిజమే చెప్పారు, తర్వాత ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆయనే చెప్పారు. ఫిబ్రవరి 17న పోయారు. జబ్బు మనిషిని ఎంత బాధపెట్టాలో అంతా పెట్టింది, అందులో మినహాయింపు లేదు. కానీ ఆయనకు దొరికిన నాలుగూ చూడండి. ఇల్లు, నొప్పికి మందు, నిజం, పక్కన మనిషి. అదే మదనపల్లెలో అదే క్యాన్సర్‌తో పడున్న టమాటా రైతుకు ఈ నాలుగింటిలో ఇల్లు ఒక్కటే ఉంది. మిగతా మూడూ అందించడానికి కోట్లు అక్కర్లేదు.

అక్కర్లేదని కేరళ చూపించింది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ నయం కాని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ సేవను ఒక చిన్న క్లినిక్కుతో మొదలుపెట్టారు. రోగి ఆస్పత్రికి రాలేడు కాబట్టి వాళ్లే ఇళ్లకు వెళ్లారు. డాక్టర్లు చాలరు కాబట్టి పక్కింటివాళ్లకు నేర్పారు. టీచర్లు, ఆటో డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, గృహిణులు వారానికి కొన్ని గంటలు ఇచ్చారు. వేలమంది అయ్యారు. 2008లో ఆ రాష్ట్రం దీనికి ప్రత్యేక విధానం ప్రకటించింది, దేశంలో మొదటిది అదే. మన తెలుగు నేల మీద హైదరాబాదు ముందుంది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ సేవలున్నాయి. 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ స్థాపించిన స్పర్శ్ హాస్పిస్ రోగుల దగ్గర డబ్బు తీసుకోకుండా చూస్తోంది, ఇళ్లకు కూడా వెళ్తోంది. ప్రపంచం మొత్తం మీద ఈ సేవ అవసరమైనవాళ్లలో దాదాపు 14 శాతానికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పల్లెల్లో ఎంతమందికి అందుతోందో మీ వీధి తలచుకుంటే తెలుస్తుంది.

దీర్ఘరోగుల సేవ మన ప్రాంతానికి తెలియనిది కాదు. క్షయ అంటే చావే అనుకున్న రోజుల్లో, 1912లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపారు. సొంత ఇంట్లోవాళ్లే పళ్లెం విడిగా పెట్టిన రోగులకు అక్కడ మంచం పక్కన మనుషులుండేవారు. మందు కనిపెట్టకముందు అక్కడ ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం గాలీ, తిండీ, తోడూ.

ఇంకొక సంగతి, కొంచెం కటువుగా ఉన్నా చెప్పాలి. మన సమాజం చావు పనులు కొన్ని కులాలకు అంటగట్టింది. పలక కొట్టేవాళ్లు, గుంత తవ్వేవాళ్లు, కాటికాపరి, చాకలి, మంగలి. శవం దగ్గరికి వాళ్లు రావాలి, ఆ మర్నాడు వాళ్లను గడప అవతల నిలబెట్టాలి. మంచం మీది మనిషికి మలమూత్రాలు ఎత్తే పని కోడళ్లకు, కూతుళ్లకు, భార్యలకు వదిలేశాం. తిరుపతిలో ఇప్పుడు ఏజెన్సీల ద్వారా వచ్చే కేర్‌టేకర్లు దాదాపు అందరూ పల్లెల నుంచి వచ్చిన పేద ఆడవాళ్లు. పన్నెండు గంటల డ్యూటీ. రోగి పోయిన రోజే ఉద్యోగమూ పోతుంది. ఎంతో ప్రేమగా చూసుకున్న మనిషి పోతే ఏడవడానికి కూడా వాళ్లకు ఆ ఇంట్లో చోటుండదు. డౌలా అనే కొత్త పేరుతో చదువుకున్నవాళ్లు వచ్చి గంటకింత అని తీసుకుంటే, చావు చుట్టూ ఇన్నాళ్లూ పనిచేసినవాళ్లు మళ్లీ బయటే ఉండిపోతారు. నా ఉద్దేశంలో శిక్షణ మొదట అందవలసింది ఈ కేర్‌టేకర్లకు. వాళ్లకు సర్టిఫికెట్టు, దానికి తగిన జీతం, రోగి పోయాక కొన్ని రోజుల విశ్రాంతి ఉండాలి.

పరాయివాళ్లు ఈ పని చేయగలరా అని అడిగేవాళ్లకు నేను కోవిడ్ రోజులు గుర్తు చేస్తాను. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ రోజుల్లో పోయినవాళ్లలో ఎంతోమంది పక్కన అయినవాళ్లెవరూ లేకుండా పోయారు. శవాన్ని ముట్టుకోవడానికి కన్నబిడ్డలే వెనకాడిన ఆ రెండేళ్లలో, తిరుపతిలో ముస్లిం యువకులు పీపీఈ కిట్లు వేసుకుని, పోయింది ఏ మతంవాళ్లన్నది చూడకుండా, వాళ్ల వాళ్ల పద్ధతిలోనే సాగనంపారు. వాళ్లకు ఆ పని ఎవరూ నేర్పలేదు. చేయగలిగారు.

చట్టం గురించి క్లుప్తంగా. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, తనకు ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని చెప్పింది. అప్పుడు దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాదాపు ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరిలో సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మీ తరఫున మాట్లాడే మనిషి పేరు అందులో రాయవచ్చు. వెంటిలేటర్ మీద మూడు వారాలు ఉంచి అయిదెకరాల మామిడితోట అమ్ముకున్న కుటుంబాలు మనకు తెలుసు. ఆ తోట యజమానిని ముందే ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడో కూడా మనకు తెలుసు. ఈ కాగితం రాయడానికి సాయపడటం డౌలాల పనిలో ఒకటి, అదీ జబ్బు చేయకముందే.

వినికిడి గురించి తరచూ అడుగుతారు, స్పృహ లేని మనిషికి మన మాట వినపడుతుందా అని. 2020లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు హాస్పిస్‌లో ఆఖరి గంటల్లో ఉన్నవాళ్ల మెదడు స్పందనలు నమోదు చేశారు. పలకరిస్తే బదులు పలకని స్థితిలో కూడా కొందరి మెదడు శబ్దాలకు స్పందించింది. అర్థమైందా లేదా అన్నది వేరే ప్రశ్న. కాబట్టి ఆ గదిలో ఆస్తుల మాట, ఖర్చుల మాట, "ఇంకెంతసేపు" అన్న మాట వద్దు. చెప్పాల్సింది ఉంటే దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పండి.

పోయాక కూడా పని ఉంటుంది. ఇంట్లో మరణిస్తే 21 రోజుల్లో నమోదు చేయించాలి. గ్రామ సచివాలయంలో ఆ కాగితం అందితేనే పింఛను మార్పు, బ్యాంకు, బీమా కదులుతాయి. ఇవన్నీ నర్సమ్మ ఒక చీటీ మీద రాసిచ్చేవారు. పెద్దకర్మ దాకా ఇల్లు నిండుగా ఉంటుంది. పన్నెండో రోజు సాయంత్రం షామియానా విప్పుతారు, చుట్టాలు బస్సెక్కుతారు. నర్సమ్మ ఆ ఇంటికి వెళ్లేది అప్పుడు, నెల గడిచాక. ముఖ్యంగా ముసలి భార్య మిగిలిన ఇళ్లకు. ఏళ్ల తరబడి రోగిని చూసుకున్న మనిషికి పొద్దున్నే నిద్రలేచాక చేయడానికి పని ఉండదు. "ఇప్పుడేం జేసేది నర్సమ్మా?" అని ఆమెను చాలామంది అడిగారు. ఆమె వాళ్లలో కొందరిని తన వెంట తీసుకుపోయారు, ఇంకో మంచం దగ్గరికి. చెరకు రైతు కోడలు అట్లా ఆమె వెంట నడిచినవాళ్లలో ఒకరు. ఈ సభలో ఉన్నారు.

కాబట్టి ఈ సభ నిర్వాహకుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఏటా ఒక ఉపన్యాసం పెట్టుకోవడంతో పాటు ఏటా ఒక బ్యాచ్‌కు శిక్షణ ఇద్దాం. పొదుపు సంఘాల ఆడవాళ్లు, రిటైరైన నర్సులు, కేర్‌టేకర్లు, భజన బృందాలవాళ్లు, పలక కొట్టేవాళ్లలో ఇష్టమున్నవాళ్లు. నోరు తడపడం, పక్క మార్చడం, ఊపిరి గుర్తులు, నిజం అడిగినప్పుడు ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది, కాగితాలు ఏవి. నేర్పగల డాక్టర్లు, నర్సులు తిరుపతిలోనే ఉన్నారు, వేలూరు ఎంతో దూరం లేదు. మొదట రెండు మండలాల్లో మొదలుపెడదాం. ఆసక్తి ఉన్నవాళ్లు సభ ముగిశాక వెళ్లిపోకుండా పక్క హాలులో కూర్చోండి. రాత్రిళ్లు రాగలవాళ్లు ఎవరో మొదట చెప్పండి, ఇళ్లలో మనిషి ఎక్కువగా కావలసి వచ్చేది రాత్రి పదికీ తెల్లవారుజాము నాలుక్కీ మధ్యనే.